ఆకుపచ్చ గుడ్డ కింది కోల్ట్

"పెట్టె తెరువు డెల్బర్ట్. నువ్వు తెరుస్తావా, నన్ను తెరవమంటావా?"

లోర్నా క్రడప్ గొంతు పెంచలేదు. ఆవిడ సంఘానికి అధ్యక్షురాలు, పెంచాల్సిన అవసరం లేదు. ఆవిడ ఎడమ చేతిలో మైకు ఉంది. ఇంకా ఆన్ చెయ్యలేదు. డెల్బర్ట్ టాకెట్ చూపంతా ఆ మైకు మీదే ఉంది.

పాత పోలీసు రివాల్వర్లు సేకరించే ఈ సంఘంలో ఎవరైనా దొంగతనం చేసి దొరికితే, పేరు మైకులో హాలంతటికీ చెప్తారు. ఆ తర్వాత ఒహాయోలో ఏ ప్రదర్శనలోనూ అతనికి బల్ల దొరకదు. డెల్బర్ట్‌కి ఈ బల్ల తప్ప ఇంకో లోకం లేదు. దాని మీద వాళ్ల నాన్న టాకెట్ సీనియర్ పోలీసుగా గస్తీ తిరుగుతూ మోసిన రివాల్వర్ ఉంది, పక్కన ఆయన బ్యాడ్జీ, ఫోటో ఉన్నాయి.

కాసేపటి క్రితం న్యాయనిర్ణేత వస్తున్నాడనగానే, పక్క బల్ల దగ్గర రోస్కో వాన్‌హుక్ తన గాజు పెట్టె మీది ఆకుపచ్చ గుడ్డని ఎప్పటిలాగే దర్జాగా లాగాడు. లోపల మఖమల్ దిండు మీద గుంట మాత్రమే ఉంది. తుపాకీ లేదు.

అంతే. హాల్లో తలలన్నీ డెల్బర్ట్ వైపు తిరిగాయి.

"నన్నెందుకు తెరవమంటున్నారు?" అన్నాడు డెల్బర్ట్. "ఇక్కడ నా ఒక్కడి బల్లే ఉందా?"

"మూడేళ్లుగా దాన్ని చూసి చొంగ కార్చింది నువ్వొక్కడివే కదరా," అన్నాడు రోస్కో. "పోయిన ఏడాది గాజు మీద నీ ముక్కు ముద్ర తుడవలేక చచ్చాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. డెల్బర్ట్ చెవులు కాలాయి, ఎందుకంటే అది నిజం. రోస్కో దగ్గరున్న ఆ కోల్ట్ రివాల్వర్ ఒక్క గుండు కూడా కాల్చలేదు. ఓ చిన్న ఊరి పోలీసుల కోసం తయారై, ఎవరి నడుముకీ ఎక్కకుండా అట్టపెట్టెలోనే ఉండిపోయిందది. దాని నీలి పూత వాన వెలిసిన ఆకాశంలా ఉంటుంది. మూడేళ్లు వరసగా మొదటి బహుమతి వెండి పళ్లెం దానికే వచ్చింది. పళ్లెం తీసుకుంటూ రోస్కో చెయ్యి ఊపినప్పుడల్లా డెల్బర్ట్‌కి తాగిన కాఫీ గొంతులో పుల్లబడేది. రాత్రి నిద్రలో ఆ తుపాకీ తన బల్ల మీద ఉన్నట్టు కల వచ్చేది. తెల్లవారితే సిగ్గుపడేవాడు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల.

అతను వంగి బల్ల కింది రేకు పెట్టె తెరిచాడు. స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా, తను తెచ్చుకున్న బూడిద రంగు గుడ్డపీలికలు. వాటి మధ్య తనది కాని తెల్లటి ఫ్లానెల్ మూట.

లోర్నా దాన్ని విప్పింది. రోస్కో కోల్ట్ లైట్ల కింద మెరిసింది.

హాలు ఒక్కసారిగా గోలగోల అయింది. ఆ గోలలోనూ డెల్బర్ట్‌కి మొదట వచ్చిన ఆలోచన తన పరువు గురించి కాదు. ఎంత అందంగా ఉంది, అనుకున్నాడు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

అలా చూస్తుండగానే ఏదో తేడా కనిపించింది.

"ఇంకేం మాట్లాడతావు?" అంది లోర్నా. బొటనవేలు మైకు మీట మీదకి వెళ్లింది.

"ఆగు లోర్నా. హోబర్ట్‌ని పిలిపించు."

"హోబర్ట్ ఎందుకిప్పుడు?" అన్నాడు రోస్కో. "తలుపు దగ్గర తుపాకులకి ప్లాస్టిక్ టైలు కట్టే ముసలాడికి దీంతో పనేంటి?"

"అదే అడుగుదాం, ఉండు."

హోబర్ట్ ఒక చేతిలో డోనట్‌తో, జేబులో పసుపు జిప్ టైల కట్టతో వచ్చాడు. తలుపు దాటే ప్రతి తుపాకీకీ ఆయన ఒక టై బిగిస్తాడు, బిగిస్తే ఇక కత్తిరించాల్సిందే. రివాల్వర్ అయితే తూటాలు పెట్టే చక్రం బయటికి తెరిచి, ఆ సందులోంచి టై దూర్చి కడతాడు. చక్రం మూసుకోదు, తుపాకీ పేలదు. సాయంత్రం ఆయనే కత్తిరిస్తాడు. డెల్బర్ట్ నాన్న రివాల్వర్ కూడా చక్రం వేలాడేసుకుని, పసుపు టైతో పడుకుని ఉంది.

"లోర్నా, నీ చేతిలోదానికి టై ఏదీ?" అన్నాడు డెల్బర్ట్.

ఆవిడ చూసింది. చక్రం బుద్ధిగా మూసి ఉంది. పూత మీద గీత లేదు.

"కత్తిరించేశావు, అంతే కదా!" రోస్కో విరుచుకుపడ్డాడు. "దొంగకి కటింగ్ ప్లేయరు దొరకదా?"

"హోబర్ట్, పొద్దున రోస్కో తుపాకీకి టై కట్టావా?"

హోబర్ట్ డోనట్ నమలడం ఆపాడు. "అదే అనుకుంటున్నా, ఇవాళ నన్నెవరూ తిట్టలేదేంటా అని. ఏటా ఈయనతో నాకు యుద్ధమే కదా. 'ప్లాస్టిక్ రాసుకుంటే పూత పోతుందిరా ముసలోడా' అంటాడు, కింద మఖమల్ ముక్క పెట్టేదాకా వదలడు. ఇవాళ అసలు నా దగ్గరికే రాలేదు."

"గుంపులో మర్చిపోయి ఉంటావు," అన్నాడు రోస్కో.

"నేను మర్చిపోలేదు," అన్నాడు డెల్బర్ట్.

చెప్పడానికి సిగ్గేసింది. చెప్పకపోతే మైకులో తన పేరు మోగుతుంది. నాన్న బ్యాడ్జీ వైపు చూసి, నోరు తెరిచాడు.

"పొద్దున తలుపు తీసినప్పటినుంచీ నేను హోబర్ట్ పక్కనే నిలబడ్డాను. ఏటా నిలబడతాను. ఆ టై నీ తుపాకీని గీస్తుందేమోనని చూద్దామని. ఒక్క గీత, కంటికి కనిపించేంత గీత పడితే చాలని మొక్కుకుంటాను. అంత కుళ్లు నాది. ఇవాళ హోబర్ట్ కాఫీ తెచ్చుకోవడానికి నాలుగడుగులు వేశాడు. అప్పుడు నువ్వు గుడ్డ కప్పిన పెట్టెతో గబగబా లోపలికి జారుకున్నావు. నా వినోదం పోయిందే అని ఏడ్చుకున్నాను."

డెల్బర్ట్ లోర్నా వైపు తిరిగాడు.

"గాజు పెట్టె ఖాళీగా వచ్చింది లోర్నా. గుడ్డ కింద ఏముందో మనలో ఎవరూ చూడలేదు. తుపాకీ ఇతని కోటు జేబులో వచ్చింది. టై కట్టించుకుని ఉంటే చక్రం తెరుచుకుని, నా ఇనుప సామాన్ల మధ్య కొట్టుకునేది. అది భరించలేకపోయాడు. నన్ను దొంగని చెయ్యడానికి సిద్ధపడ్డాడు కానీ, దానికి గీత పడనివ్వడానికి సిద్ధపడలేదు. నిన్న రాత్రి అది ఎవరింట్లో ఉందో వాళ్లే టై లేకుండా ఇక్కడికి తేగలరు."

రోస్కో చెయ్యి తెలియకుండానే తెల్ల ఫ్లానెల్ వైపు వెళ్లింది. లోర్నా వేళ్లు పూత మీద పడకుండా గుడ్డ కొస సర్దాడు. సర్దాక, అందరూ చూస్తున్నారని తెలిసింది.

"ఎందుకురా?" అన్నాడు డెల్బర్ట్. "పళ్లెం ఎలాగూ నీదే కదా."

"నాదా?" రోస్కో అరిచాడు. "పోయిన ఏడాది ఆ జడ్జి నీ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో చూశావా? మీ నాన్న బొటనవేలు అరగదీసిన ఆ పిడిని చూసి కళ్లు తుడుచుకున్నాడు. నా పెట్టె దగ్గర ఒక్కడైనా కళ్లు తుడుచుకున్నాడా ఇన్నేళ్లలో? అడిగినంత ఇస్తానన్నాను. మీ నాన్న తుపాకీ అమ్మమంటే అమ్మవు. నాదాన్ని ఎవరూ మొయ్యలేదు డెల్. ఎవరూ మొయ్యలేదు."

డెల్బర్ట్ తన నాన్న రివాల్వర్ వైపు చూశాడు. గొట్టం చివర పూత పోయి తెల్లబడి ఉంది. మూడేళ్లుగా అతను సిగ్గుపడి గోడ వైపు తిప్పి పెట్టేది ఆ చివరనే.

లోర్నా కోల్ట్‌ని మఖమల్ దిండు మీద పడుకోబెట్టి మీట నొక్కింది. పైన స్పీకర్లు కీచుమన్నాయి. హాలు చివర చిల్లీ కూర తింటున్నవాళ్లు కూడా చెంచాలు ఆపారు.

"అందరూ వినండి. ఈ సంఘంలోంచి ఈరోజు వెళ్లిపోతున్నవాడు, సాటివాడి పెట్టెలో తన తుపాకీ తనే దాచినవాడు, రోస్కో వాన్‌హుక్."