తూర్పు ఇథియోపియన్లు

కృష్ణవేణికి గుండె ఆగినంత పనైంది.

సోమవారం బడిలో చదవబోయే ప్రాజెక్టును కూతురు విజేత, దాని స్నేహితురాలు అబిగేయిల్ ఇంట్లో హాల్లో నిలబడి ఒప్పజెబుతున్నారు. అబిగేయిల్ వాళ్ళది నైజీరియా. పిల్లలిద్దరూ పుట్టింది మాత్రం ఈ ఐరిష్ ఊరు బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనే. పాతకాలపు గ్రీకు ఒకాయన ఇథియోపియన్లు రెండు రకాలని రాశాడట. తూర్పువాళ్ళవి సాపు జుట్లు, పడమటివాళ్ళవి ఉంగరాల జుట్లు. "ఆ తూర్పువాళ్ళు మేమేనని కొందరంటారు," అంటూ విజేత తన జడ పైకెత్తి చూపించింది. అబిగేయిల్ తన జుట్టు చూపించింది. ఇద్దరూ పకపకా నవ్వారు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మనమెక్కడ, ఆఫ్రికా ఎక్కడే? సోమవారం బడికి మన తెలుగువాళ్ళంతా వస్తారు. నా పరువేం కావాలి? ఆ ముక్క తీసెయ్!" అంది కృష్ణవేణి.

విజేతకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఐరిష్ యాస ఇంగ్లీషులోనే వస్తుంది. "అది నిజమని మేం అనట్లేదు మామ్. ఆయన మనల్ని చూసింది లేదు, పెట్టింది లేదు. నల్లగా ఉంటారని విని ఒకే గాటన కట్టేశాడు. రంగు చూసి మనుషుల్ని లెక్కగట్టడం ఎంత పాత జబ్బో చెప్పడమే మా ప్రాజెక్టు. తీసెయ్యను. నువ్వు రాకపోతే రాకు."

ఆ మాట చురుక్కుమంది. పిల్ల ఎప్పుడు స్టేజీ ఎక్కినా ముందు వరసలో కూర్చునే తల్లి ఆమె. పరాయి పిల్ల ముందు గొడవెందుకని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్మారా తలుపు తీసి కూతురికి స్టీలు గ్లాసు తీసింది. రెండో చెయ్యి అలవాటుగా పేపర్ కప్పుల మీదికి పోయింది. తెలుగు పిల్లలెవరొచ్చినా స్టీలు గ్లాసే. ఈ పిల్లకు మాత్రం మొదటినుంచీ పేపర్ కప్పే. చెయ్యి కాలదమ్మా అని చెప్పేది. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అనుకునేది.

వెనకాలే వచ్చిన అబిగేయిల్ తన బ్యాగులోంచి గులాబీరంగు కప్పు తీసి ముందుకు చాపింది.

"నాది నేనే తెచ్చుకున్నా ఆంటీ. ఇట్స్ గ్రాండ్, ఏం పర్లేదు. మీకు ప్రతిసారీ పారేసే పని ఉండదు."

గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. కృష్ణవేణి నిలువునా కొయ్యబారిపోయింది. ఛీ, ఎంత పని చేశాను! ఇన్నాళ్ళూ ఈ పిల్లకు తెలుసా? గుమ్మంలో నిలబడ్డ విజేత మొహం చూస్తే, దానికీ తెలుసు.

గబగబా ఇంకో స్టీలు గ్లాసు తీసి, టీ పోసి, "ఇందులో తాగమ్మా," అంది.

"థాంక్స్ ఆంటీ," అంది అబిగేయిల్ మర్యాదగా. చాపిన కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు.