నా ఇరవై ఎనిమిది మాత్రలు

నీళ్లు తాగకుండా పని చేయడంలో బెల్లంపల్లి గని కాలనీలో నన్ను మించినవాళ్లు లేరు. పందొమ్మిది వందల అరవై నాలుగులో మా వరుస ఇళ్లకు మరుగుదొడ్లు లేవు. ఆడవాళ్లం పొద్దు గూకేదాకా ఆపుకోవాలి, అందుకని తాగడమే మానేశాను. మా ఆయన ఇస్తారి గనిలో వేసుకునే బొగ్గు బట్టలు ఉతకడానికి మాత్రం పది బిందెలు మోసేదాన్ని. మూత్రంలో మంట పుడుతోందని చెబితే అత్త లస్మవ్వ, "పొయ్యి కాడ కూసుంటే వేడి చేస్తది, గంత పరేషాన్ ఎందుకు?" అంది.

ఏడాదిలో మూడుసార్లు దవాఖాన నుంచి మాత్రలు తెచ్చుకున్నాను. మంట తగ్గిన రోజే మిగిలినవి పంచేశాను. మా కాలనీలో అదొక మర్యాద, కూర వండితే గిన్నెడు పంపినట్టే. రెండు అత్త మోకాలికి, రెండు పక్కింటి బుచ్చవ్వ దగ్గుకు, ఒకటి ఆయన ఒళ్లునొప్పులకు. మంచి కోడలినని పేరొచ్చింది. నాలుగోసారి మాత్రలు మింగినా మంట పోలేదు, పైగా చలిజ్వరం, నడుంనొప్పి.

కొత్త డాక్టరమ్మ నా మూత్రాన్ని పరీక్షకు పంపింది. గాజుపళ్లెంలో అందులోని రోగపు పురుగును పెంచి, మధ్యలో రకరకాల మందుల బిళ్లలు పెట్టారట. ఒక్క మందు చుట్టూ తప్ప అంతటా హాయిగా పెరిగిందట.

"అసలే గట్టి పురుగు సరోజనా, మూత్రసంచి లోపలి గోడను పట్టుకొని వదుల్తలేదు. సగం సగం మందేసి, మందును తట్టుకునేటట్టు దానికి నువ్వే తాలీం ఇచ్చినవు. గీ ఒక్క మందే మిగిలింది. వారం రోజులు, పూటకొకటి లెక్క రోజుకు నాలుగు పూటలు, అన్నీ నువ్వే మింగాలె. నీళ్లు తాగు. ఆపుకోకు."

భయపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఎవరేమన్నా లొంగేదాన్ని నేను, నా కడుపులో ఉన్న పురుగు మాత్రం ఎవరికీ లొంగనిది. దాన్ని చూసి కాస్త అసూయ కూడా పడ్డాను.

"ఇంటెనక తడక కట్టు," అన్నాను ఆయనతో.

"నలుగురు నవ్వరా?"

"నవ్వనీ. నేను మంచం పడితే అన్నమెవలు వండుతరు?"

ఆ సాయంత్రమే కట్టాడు. నాలుగో రోజు పట్టపగలు, ఎండలో, మంట లేకుండా మూత్రం పోసుకున్నాను. అంత సుఖం ఉంటుందని మరిచేపోయాను. తడక వెనక ఒక్కదాన్నే పకపకా నవ్వాను.

ఆ నవ్వు విని అత్త చేయి చాపింది. "తగ్గినట్టుంది గదా, మిగిలినయి ఇటియ్యి. మోకాలు గుంజుతుంది. బుచ్చవ్వకు గూడ రెండిస్తనన్న."

"ఇయ్య అత్తా. ఇవి నాయి."

ఆమె ఎదుటే ఒకటి నోట్లో వేసుకుని చెంబెడు నీళ్లు తాగాను. "పిసినారి," అంది.

ఆ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో ఎవరికీ పెట్టకుండా చివరిదాకా నేనొక్కదాన్నే తిన్నవి ఆ చేదు మాత్రలే. ఎంత బాగున్నాయో.