బావిలో ఆగిపోయిన అంకె

నేను ఒక బ్లూటూత్ ముక్కను. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండను. తీగ గుండా నాకు అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వరసగా అందుతాయి. వాటిని గాలిలోకి విసురుతాను, ఫోను పట్టుకుంటుంది. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే.

సముద్రం అవతల ఏదో కర్మాగారంలో పుట్టి, హైదరాబాదు కోఠి దుకాణంలో కొన్నాళ్లు దుమ్ము తిని, ఇంజనీరింగు పిల్లల బొమ్మకారులో చేరాను. ఫోను మీద వేలు కదిపితే కారు కదిలేది. చూసిన మేష్టార్లు మెచ్చుకున్నారు. మార్కులు వచ్చిన మర్నాడే కారు అటకెక్కింది. పని తీరాక మనుషుల చూపు ఎంత తొందరగా మందగిస్తుందో నాకు అక్కడే తెలిసింది.

పాత సామాన్లలో అమ్ముడుపోయిన ఆ కారులోంచి నన్ను ఊడదీసింది హెప్సిబా. మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. వాళ్ల నాన్న పూడిక తీయడానికి పాత బావిలో దిగి, అడుగున చెడ్డగాలికి ఊపిరాడక పోయాడు. మేనమామ యోబు ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. మానమని ఎన్నిసార్లు బతిమాలినా, "మానితే తినేదేంది పాపా?" అనేవాడు. ఇక ఆయన్ను ఆపలేనని తెలిసి, గాలిలో ప్రాణవాయువును కొలిచే పెట్టె ఒకటి తయారుచేసి, దాని నోరుగా నన్ను అతికించింది.

మొదట్లో మా మాట కలవలేదు. పెట్టె ఒక వేగంతో చెబితే నేను మరో వేగంతో వినేవాణ్ణి. ఫోను తెర నిండా అర్థంలేని గుర్తులు. ఆమె విసుక్కుని, టీ తాగి, ప్రోగ్రాం దిద్ది, మళ్లీ కూర్చునేది. చివరికి ఒకనాడు తెర మీద అంకె తేటగా నిలిచింది. మంచి గాలిలో నూటికి ఇరవై ఒక్క పాళ్లకు కాస్త అటూ ఇటూ. పద్దెనిమిదికి తగ్గితే మనిషి దిగకూడదు.

ఆ వేసవిలో మాలకొండయ్య అనే రైతు కబురుపెట్టాడు. బోరు ఎండిపోయి బత్తాయి చెట్లు ఆకు రాలుస్తున్నాయి. పాడుబడ్డ బావి ఒక్కటే దిక్కు. పెట్టెతో సహా నన్ను తాడు కట్టి అడుగుదాకా దించారు. గట్టున హెప్సిబా ఫోను చూసింది.

"ఇరవై పాయింట్ ఎనిమిది. బాగుంది మామా."

"పొద్దెక్కతా ఉంది యోబూ, దిగరాదా" అన్నాడు మాలకొండయ్య.

యోబు నడుముకు మోకు కట్టుకుని, రెండో కొస గట్టున చెట్టుకు బిగించి, రాతిమెట్లు దిగసాగాడు.

నిజానికి అడుగున గాలి చచ్చిపోయి ఉంది. పద్నాలుగు, పద్నాలుగు అని నేను అరుస్తూనే ఉన్నాను. తడిమట్టీ బండరాళ్లూ నా మాటను మింగేస్తున్నాయి. గట్టుకు అందిన చివరి అంకె నేను సగం లోతులో ఉండగా చెప్పింది. ఫోను దాన్నే పట్టుకుని కూర్చుంది. మాట ఆగిపోతే ఏం చేయాలో దానికి ఎవరూ చెప్పలేదు మరి.

"ఎంతుంది పాపా?" కిందనుంచి యోబు.

"ఇరవై పాయింట్ ఎనిమిది."

ఇంకొన్ని మెట్లు దిగాడు. "ఇప్పుడో?"

"అంతే, ఇరవై పాయింట్..." ఆమె తెరను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. దుకాణంలో బల్ల మీద ఎన్నిసార్లు చూసినా పాయింట్ తరవాతి అంకె ఒక్క చోట నిలిచేది కాదు, సన్నగా వణికేది. ఇక్కడ రాయిలా ఉంది.

"మామా, ఆగు! పైకి రా!"

"ఇరవై అంటివి గదా?"

"అది ఇప్పటిది కాదు మామా! పైకి రా!"

యోబు చెయ్యి మెట్టు కోసం తడిమింది, దొరకలేదు. నా మీదుగా నీడ ఊగింది. మోకు ఒక్కసారిగా బిగుసుకుంది. "లాగండి అన్నా!" అన్న కేక బావిలో గింగిరాలు తిరిగింది. మాలకొండయ్య తువ్వాలు విసిరేసి మోకు పట్టాడు. ఆ బరువుకు గట్టు మీద ఇద్దరి కాళ్లూ జారుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. యోబు తల గోడకు కొట్టుకుంటూ, అంగుళం అంగుళంగా పైకి పోయాడు.

గట్టు మీద ఆయన దగ్గాడు. ఆ దగ్గు విన్నాక హెప్సిబా ఫోను ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నా పెట్టె నిన్ను చంపేసేది మామా."

కొంతసేపటికి యోబు లేచి కూర్చున్నాడు. "పైకి పిలిచింది గూడా నువ్వేగా" అన్నాడు బొంగురు గొంతుతో.

ఆ వారమంతా ఆమె దుకాణం తెరవలేదు. కొలిచే ముక్కను పొడుగాటి తీగతో కిందికి వదిలేలా, నేను మాత్రం గట్టు మీదే ఉండేలా మార్చింది. ఫోను ప్రోగ్రాం తిరగరాసింది. రెండు క్షణాలు నా మాట అందకపోతే పాత అంకె చెరిగిపోయి, తెర ఎర్రబడి, ఫోను గోలపెడుతుంది. మళ్లీ అదే బావికి వెళ్లారు. పంకాతో లోపలికి గాలి కొట్టి, అంకె ఇరవై దాటాకే యోబు దిగాడు. మాలకొండయ్య తోటకు నీళ్లు దొరికాయి.

ఇప్పుడు ఏ బావి దగ్గరకు వెళ్లినా, దిగేముందు యోబు నా బ్యాటరీ ఊడబెరుకుతాడు. నేను మూగపోతాను. ఫోను అరిచేదాకా, ఆపైన బ్యాటరీ పెట్టి నన్ను మళ్లీ మాట్లాడించేదాకా ఆయన మెట్టు మీద కాలు పెట్టడు. అలా ప్రతి బావి గట్టునా ఒకసారి చచ్చి బతుకుతున్నాను. నాకేం బాధ లేదు.