తెలిసిన సంవత్సరం

"సైన్ ఒక్కటి పెట్టు, మిగతాదంత నేను నింపిన," అని భార్గవ్ ఫారం నా ముందు పెట్టి స్నానానికి వెళ్ళాడు. మేం జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌కు వచ్చి ఎనిమిదేళ్ళు. ఊళ్ళో అడ్రసు నమోదు చేసే అన్‌మెల్డుంగ్ మొదలు ఇన్సూరెన్స్ దాకా నా కాగితాలన్నీ నా మొగుడే నింపుతాడు. నా చేతులకు చపాతీ పిండి అంటుకుని ఉంది. తర్వాత పెడతానని సంచిలో వేసుకున్నాను.

అది రిజిస్ట్రీ ఫారం. ఆడా మగా ఎదుగుదలలో పుట్టుకతో తేడా ఉన్న మాలాంటివాళ్ళు ఎక్కడోగాని ఉండరు కాబట్టి, చాలా దేశాల ఆసుపత్రులు పేర్లు లేకుండా మా వివరాలు ఒకచోట చేరుస్తాయట. నా సంగతి నాకు తెలిసి నెల. నా క్రోమోజోములు మగవాళ్ళకుండే ఎక్స్‌వై. గర్భసంచి పుట్టుకతోనే లేదు. పద్నాలుగో ఏట హన్మకొండలో హెర్నియా అని చెప్పి తీసేసినవి, లోపలే ఉండిపోయిన వృషణాలు. డాక్టరమ్మ చెప్పింది ఇంటికొచ్చి చెబితే భార్గవ్ తల పట్టుకుని కూర్చున్నాడు. పాపం అనిపించి నేనే టీ పెట్టిచ్చాను.

ఆసుపత్రిలో నా పక్కన మార్లేన అనే పదహారేళ్ళ పిల్ల అదే ఫారం తనే నింపుకుంటోంది. తల్లి తొంగిచూడబోతే చేయి అడ్డం పెట్టింది. నీదీ ఎక్స్‌వైయేనా అని నన్ను, ఏ ఊరు అన్నంత తేలిగ్గా అడిగింది. ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ బొమ్మలు గీసి చెప్పిందట. ఆపరేషన్ వద్దని తనే అందట. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ సీతారత్నం నాకు చెప్పింది గర్భసంచి చిన్నదని, మందులతో పెరుగుతుందని. ముప్పైమూడేళ్ళు వచ్చి చిన్నపిల్లను చూసి కుళ్ళుకుంటున్నందుకు సిగ్గేసింది. అయినా కుళ్ళు తగ్గలేదు.

నర్సు నా ఫారం తిరగేసి ఒకచోట వేలు పెట్టింది. 'ఈ సంగతి మీకు మొదట తెలిసిన సంవత్సరం' అన్నచోట భార్గవ్ 2017 అని రాశాడు. మీకు పోయిన నెల కదా తెలిసింది అని అడిగింది.

అది మా పెళ్ళయిన ఏడాది. నా బదులు రాసీ రాసీ అలవాటైనవాడు, అక్కడ తనకు తెలిసిన సంవత్సరం రాసేశాడు.

కారిడార్‌లోకి వచ్చి ఫోన్ చేశాను. 2017 అని ఎందుకు రాశావని అడిగాను.

"మీ అమ్మనే నాకు చెప్పింది, నీకు చెప్పొద్దన్నది," అన్నాడు. "నువ్వు తట్టుకోలేవని."

పిల్లలు పుట్టడానికని మా అత్తయ్య శారదాదేవి పంపిన కషాయం పొడిని కస్టమ్స్‌వాళ్ళు ఆపితే, సెలవు పెట్టి వెళ్ళి తెచ్చింది ఇతనే. నేను ముక్కు మూసుకుని తాగుతుంటే చక్కెర అందించిందీ ఇతనే. మావాడిలో ఏ లోపమూ లేదని ఆవిడ వీడియోకాల్‌లో అంటుంటే పక్కనే కూర్చుని విన్నాడు. లేడీ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకట్లేదని ఏళ్ళు గడిపాడు. ఈ ఏడాది నేను ఫోన్ చేస్తే రెండు వారాల్లో దొరికింది. మార్లేన మీది అసూయంతా ఒక్కసారిగా ఇతని మీదికి మళ్ళింది. నా ఒంటి సంగతి నాకంటే ముందు తెలుసుకుని, ఎనిమిదేళ్ళు నా పక్కనే హాయిగా నిద్రపోయినవాడు.

"కింద పార్కింగ్‌ల ఉన్న. జల్ది రా, ఇంట్ల మాట్లాడుకుందం," అన్నాడు.

"నువ్వు పో. నాకు టైం పడతది."

నర్సును ఖాళీ ఫారం అడిగాను. నా జర్మన్ అంతంతమాత్రమే, ఒక్కో ప్రశ్నా రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఆసుపత్రిలోనే ఉంచుకునే ఆఖరి పేజీలో, మీ గురించి ఇకముందు కొత్త విషయం తెలిస్తే ఎవరికి చెప్పాలి అన్న గడి దగ్గర నా ఒక్కదాని పేరే రాశాను. రాజ్యశ్రీ అని.