ఏనుగు వెనక కాళ్లు

సియోల్‌లోని ఒక చిన్న థియేటర్‌లో పిల్లలూ పెద్దలూ కలిసి చూసే పాటల నాటకానికి రిహార్సల్స్ జరుగుతున్నాయి. కథలో ఒక ఏనుగుంది. ఒకే తోలు లోపల ఇద్దరు నటులు దూరి దాన్ని నడిపిస్తారు. దాని వెనక కాళ్లు బాంగ్ దొక్సు. ఇరవై ఏళ్లుగా గుర్రానికైనా ఆవుకైనా ఆయన వేసినవి వెనక కాళ్లే.

ఆ రోజు డైరెక్టర్ ఓక్ సెరిన్ ఏనుగు తోలు మొత్తం తీయించేసింది.

"చెవులకి రెండు గొడుగులు చాలు. మిగతా ఏనుగుని పిల్లలే ఊహించుకుంటారు. లోపలి మనుషులు కనపడాలి," అంది.

దొక్సు కంగారుపడ్డాడు. "నాకు మోకాళ్లతో నటించడమే వచ్చమ్మా. ఈ మొహం పెట్టుకుని ఏం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యకండి మాస్టారూ. తోలు లోపల మీరు కూనిరాగాలు తీస్తారటగా. ముందు కాళ్లు వేసే అమ్మాయి చెప్పింది. అలాగే పాడుకోండి."

"అదీ చెప్పేసిందా!" అని ఆయన తల దించుకున్నాడు.

మొదటి ప్రదర్శనలో ఏనుగు నది దాటుతుంటే దొక్సు గొంతు సన్నగా వినిపించింది. ముందు వరసలో ఒక పాప లేచి నిలబడింది.

"అమ్మా, ఏనుగు తాతయ్యలా పాడుతోంది!"

హాలంతా నవ్వింది. దొక్సు చెవులు ఎర్రబడ్డాయి. అయినా పాట ఆపలేదు. ఆ పాప వైపు చూస్తూ గొంతు కాస్త పెంచాడు.