కుడి భుజం అరంగుళం

ఆ ఉదయం తిరిగొచ్చిన కోటుతో కలిపి మూడయ్యాయి. ముగ్గురు వేరువేరు మనుషులు కొలతలిచ్చి కుట్టించుకున్న కోట్లవి. ఒకటి పంతులమ్మది, ఒకటి మందుల దుకాణం ఆవిడది, ఇప్పుడొచ్చింది ఆసుపత్రి నర్సుది. ఎవరిది వాళ్లకి పట్టలేదు. టైలరు మాస్టరు చెల్లెలు ఆ మూడింటినీ పక్కపక్కన హ్యాంగర్లకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, అలాగే నిలబడిపోయింది.

మూడింటికీ కుడి భుజం ఎడమ భుజం కన్నా అరంగుళం కిందికి ఉంది.

ఆ కొట్లో అలాంటి భుజం ఒక్కరికే ఉండేది. ఇరవై రెండేళ్లు కటింగ్ బల్ల చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని, కుడిపక్కకి ఒరిగి, పుస్తకంలో కొలతలు రాసిన మనిషికి. మాస్టరు భార్యకి. ఆవిడ పోయి ఐదు నెలలైంది.

"అన్నయ్యా, ఒకసారి ఇలా రా."

మాస్టరు వచ్చి చూశాడు. ఫ్యాను గాలికి మధ్య కోటు చెయ్యి కొద్దిగా ఊగింది.

"ముగ్గురికీ వదిన కోటే కుట్టావు," అంది చెల్లెలు.

"నేను వాళ్ల కొలతలే తీసుకున్నాను."

"తీసుకున్నావు, కాదన్లేదు. కత్తిరించింది మాత్రం వదినకి."

మాస్టరు మెడలోని టేపు తీసి వేలికి చుట్టసాగాడు.

ఆ కొట్లో పని జరిగే పద్ధతి ఒకటుండేది. అతను మనిషి మీద టేపు పెట్టి అంకె పైకి చెప్పేవాడు. వెనక నుంచి భార్య అదే అంకె తిరిగి చెబుతూ రాసుకునేది. ఆమె గొంతు వినబడ్డాకే అతను టేపు తీసేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అంకె తారుమారై ఎవరిదో చొక్కా పాడైతే, ఆమే పెట్టిన నియమం అది. ఆమె పోయాక కూడా అతను అంకె చెప్పి ఆగుతూనే ఉన్నాడు. పాపం, కొలతలిచ్చేవాళ్లు చేతులు బార్లా చాపుకుని నిలబడేవారు. "మాస్టరుగారూ, చేతులు దించెయ్యనా?" అని పంతులమ్మ రెండుసార్లు అడగాల్సొచ్చింది. వెనక నుంచి జవాబు వచ్చేది కాదు. స్టూలు మాత్రం ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు కిర్రుమనేది. ఆ ఎదురుచూపులో అప్పుడే చెప్పిన అంకె ఎటో జారిపోయేది. పుస్తకం దగ్గరికి వెళ్లేసరికి అతని చేతికి వచ్చేవి ఏళ్ల తరబడి తెలిసిన భార్య కొలతలే.

చెల్లెలికి చెప్పని మాట మరొకటి ఉంది. సుద్దతో ఆ వాలు భుజం గీస్తున్నప్పుడు తన పక్కన ఎవరో నిలబడినట్టుండేది. తల తిప్పితే పోతుందని అతను తల తిప్పేవాడు కాదు.

"నర్సమ్మ సోమవారం కొత్త ఆసుపత్రిలో చేరాలి," అంది చెల్లెలు. "మధ్యాహ్నం వస్తానంది. మళ్లీ కొలత తీసుకో. ఇదీ తప్పితే ఆ కత్తెర నా చేతికిచ్చెయ్. నువ్వు గుండీలు కుట్టుకుంటూ కూర్చో."

"నీకు కత్తెర పట్టడం వచ్చా?"

"రాదు. రాకపోయినా కోట్లు పాడుచెయ్యగలను, నీలాగే."

నవ్వించాలనే అంది. కానీ ఆమె కళ్లలో నవ్వు లేదని అతనికి కనిపించింది. కత్తెర పోతే ఈ కొట్లో అతనికి మిగిలేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం నర్సు వస్తూనే అందుకుంది. "ఆ కోటు తొడుక్కుంటే ఊపిరాడలేదండీ మాస్టరుగారూ! మా వార్డులో ముసలాయన నన్ను చూసి, ముందు ఈ అమ్మాయికి ఆక్సిజన్ పెట్టండర్రా అన్నాడు."

చెల్లెలు పుస్తకం తీసుకుని స్టూలు మీద కూర్చోబోయింది.

"అక్కడ కాదు," అన్నాడు మాస్టరు.

"మరెక్కడ, నీ నెత్తి మీదా?"

ఆమె నిలబడే రాయడానికి సిద్ధమైంది. మాస్టరు నర్సు వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజానికి టేపు పెట్టి, "పదహారు" అన్నాడు. అని, ఆగాడు. ఫ్యాను తిరుగుతోంది. వెనక స్టూలు కిర్రుమంది. అంకె జారడం మొదలైంది.

"పదహారు," అంది నర్సు.

మాస్టరు ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నారు?"

"పదహారు అన్నారుగా. మాకు అలవాటండీ. డాక్టరు ఎంత మందు చెబితే అంతా తిరిగి చెప్పిగానీ చేతిలోకి తీసుకోం. ఎవరైనా అంకె చెప్పి ఊరుకుంటే నాకు తోచదు."

"తిరిగి చెప్పేలోగా మనసు ఎటో పోతే?"

"పోదా మరి? రోజుకి వందసార్లు పోతుంది. అప్పుడు సీసా పక్కన పెట్టేస్తాను. మంచం మీదున్న మనిషి మొహం చూస్తాను. ఎవరికిస్తున్నానో గుర్తొస్తే, ఎంతివ్వాలో అదే గుర్తొస్తుంది."

మాస్టరు టేపు తియ్యకుండా ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. మెడ మీద పాత కాలిన మచ్చ ఉంది. ఊపిరి తీసుకుంటే టేపు పైకి లేస్తోంది, వదిలితే దిగుతోంది. రెండు భుజాలూ గుమ్మం పైకమ్మిలా సమంగా ఉన్నాయి. పది రోజుల కిందట ఈ భుజాల మీదే టేపు పెట్టాడు. చూడలేదు.

"పదహారు," అన్నాడు మళ్లీ. "ఛాతీ నలభై రెండు."

"నలభై రెండు. కాస్త మెల్లగా చెప్పండి, వీధిలో జనం ఉన్నారు."

చెల్లెలు ఫక్కున నవ్వింది. మాస్టరు ఆమె వైపు తిరిగి, "కూర్చుని రాయి," అన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. స్టూలు మీద నెమ్మదిగా కూర్చుంది. స్టూలు ఒక్కసారి కిర్రుమని, మామూలు స్టూలులా ఊరుకుంది.

నర్సు వెళ్లాక అతను తెల్లగుడ్డ బల్ల మీద పరిచాడు. సుద్ద పట్టుకున్నాడు. మెడ గీశాడు, ఎడమ భుజం గీశాడు. కుడి భుజం దగ్గరికి రాగానే చెయ్యి దానంతటది కిందికి వాలింది. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. తలకి రాసుకునే నూనె వాసన కూడా తెలిసింది. ఈ గీత ఇలాగే ఉంటే ఆమె ఉంటుంది. సోమవారం వేసుకోవడానికి నర్సుకి కోటు ఉండదు.

"పదహారు," అన్నాడు గట్టిగా.

"పదహారు," అంది స్టూలు మీద నుంచి చెల్లెలు, తన బొంగురు గొంతుతో.

అది చెల్లెలి గొంతే. మరొకరిది కాదు. మాస్టరు బొటనవేలితో ఆ గీత చెరిపేశాడు. చెరపడానికి ఒక్క క్షణం పట్టింది. నర్సు భుజం సమంగా గీసి కత్తెర అందుకున్నాడు. గుడ్డ తెగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నూనె వాసన లేదు. పక్కన ఎవరూ లేరు. అది తెలుస్తూనే ఉంది అతనికి. అయినా చెయ్యి ఆపలేదు, మధ్యలో ఆగితే అంచు రంపంలా లేస్తుంది. చివరిదాకా కత్తిరించి, కత్తెర బల్ల మీద పెట్టాడు.

"అయిందా అన్నయ్యా?"

"అయింది."

చెల్లెలు దిగి వచ్చి పక్కన నిలబడింది. గుడ్డని ముట్టుకోలేదు. "ఎవరి కోటు?" అంది మెల్లగా.

అతను గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు.

"నర్సమ్మది," అన్నాడు.