నిన్నటి ఆకుపచ్చ

శాంతి టెక్కలిలో ఉండేది. తీరం వెంబడి ఊళ్ల మత్స్యకారులు కలిసి పెట్టుకున్న సంఘానికి వెబ్‌సైటు చేసిపెట్టింది ఆమే. అందులో ఒక పేజీకి మాత్రం ఆమె రోజూ ప్రాణం పెట్టేది. సముద్రం బాగుంటే పేజీ ఆకుపచ్చగా ఉంటుంది, వేటకెళ్లొచ్చని. బాగోకపోతే ఎరుపు. భావనపాడులో సంఘం గది చూసుకునే అప్పలసూరి తెల్లారగట్ల ఆ పేజీ తెరిచి, అందులో ఉన్నది మైకులో చదివేవాడు.

2015 వానాకాలంలో ఒక ఉదయం ఐదున్నరకి వాతావరణశాఖ నుంచి వాయుగుండం కబురొచ్చింది. శాంతి కోడ్‌లో రంగు మార్చి, మాట మార్చి, సైటుకి ఎక్కించింది. తెరిచి చూస్తే ఇంకా ఆకుపచ్చే. ఫైలు ఎక్కలేదనుకుని మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఆకుపచ్చే. పేజీ వెనకున్న కోడ్ చూసింది. అక్కడా పాత మాటే, తను కొట్టేసిన మాట! ఎక్కడ తప్పు చేశానా అని అక్షరం అక్షరం వెతికింది. చివరికి ఫోనులో తెరిచింది. ఎర్రగా ఉంది.

అప్పుడు అర్థమైంది. తప్పు కోడ్‌ది కాదు. నిన్న చూసిన పేజీని కంప్యూటరు దాచుకుని, దాన్నే మళ్లీ చూపిస్తోంది. హమ్మయ్య అనుకోబోయి ఆగిపోయింది. నాది ఇలా చేస్తే అప్పలసూరిది? వెంటనే అతనికి ఫోను చేసింది.

"మావయ్యా, పేజీలో ఏటున్నాది?"

"ఏటుంటాది, ఆకుపచ్చే. మైకులో సెప్పీసేను. నాలుగు నావలు ఎల్లిపోనాయి."

"అది నిన్నటిది మావయ్యా!"

"నిన్నటిదేటమ్మా, ఇప్పుడే కదా తెరిసేను?"

"దాసుకున్నది సూపిస్తన్నాది. కంట్రోల్ అని రాసున్న మీటా, ఎఫ్ ఐదూ కలిపి నొక్కు."

అవతల మీటలు టకటకమన్నాయి.

"ఓలమ్మో... ఎర్రగా అయిపోనాది."

మూడు నావల వాళ్లు ఇంకా ఫోను అందే దూరంలోనే ఉన్నారు. వెనక్కి తిరిగారు. నాలుగోది గంగులుది. అతని ఫోను మోగలేదు.

శాంతి స్కూటరు మీద భావనపాడు చేరేసరికి ఆకాశం ఇనప్పెనంలా నల్లబడింది. అలలు గట్టు మీదికి ఇసుక విసురుతున్నాయి. గంగులు పెళ్లాం లక్ష్మణమ్మ నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉంది. శాంతి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. అరగంట అయ్యాక చెప్పింది: "అక్కా, తప్పు నాది. నేను మార్చేను గానీ, ఇక్కడ పాతదే కనబడింది. నేను సూసుకోలేదు."

లక్ష్మణమ్మ తిట్టలేదు, తల తిప్పలేదు. అదే శాంతిని ఇంకా భయపెట్టింది.

పది దాటింది, పదకొండు దాటింది. వాన మొదలైంది. కుర్చీలు తెచ్చారు గానీ ఎవరూ కూర్చోలేదు. శాంతి మనసులో ప్రార్థన మొదలెడితే మాటలు రావడం లేదు, "తండ్రీ" దగ్గరే ఆగిపోతోంది.

రెండు గంటలప్పుడు ఎవరో కేకేశారు. గోధుమరంగు నీళ్ల మీద చుక్కలా నావ. గంగులు గాలి మారగానే వలలు కోసి వదిలేసి తిరుగుముఖం పట్టాడట. ఒడ్డున దిగాక నిలబడలేక ఇసుకలోనే కూలబడ్డాడు. లక్ష్మణమ్మ అతని భుజం పట్టుకుని లేపుతూ, అప్పుడు చూసింది శాంతికేసి.

"దాసుకోకుండా సెప్పినావు. బాగుంది. మరింకెప్పుడూ ఆ పెట్టిని నమ్మొద్దు. ఫోను సెయ్."

శాంతి ఆ సాయంత్రమే పేజీ పైన తేదీ, గంట పెట్టింది. దాచుకోవద్దని కోడ్‌లో రాసింది. అయినా ఆ మర్నాటినుంచి రోజూ ఐదున్నరకి అప్పలసూరికి ఫోను చేసి, ముందు తేదీ చదివిస్తుంది. అతను ఒక్క క్షణం ఆలస్యంగా పలికితే మళ్లీ మొదటినుంచి చదవమంటుంది.